నడిమింటి ఆదాయం ఎంత?



ఇచ్ఛాపురం నుంచి సముద్రం వైపు వెళ్తే డొంకూరు వస్తుంది. అక్కడి నుంచి ఇంకాస్త ఉత్తరానికి పోతే ఒడిశా. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని లెక్క చెప్పేవాళ్లు డొంకూరు దగ్గరే కొలత మొదలుపెడతారు. వేట నిషేధం రోజుల్లో ఒకసారి ఆ ఒడ్డున నిలబడ్డాను. నావల్ని ఇసక మీదికి లాగి కొబ్బరి మట్టలు కప్పారు. నీడపట్టున నలుగురు మగాళ్లు చిరిగిన వల కుట్టుకుంటున్నారు. ఒకామె అంతకుముందే ఎండబెట్టి దాచిన నెత్తళ్లని గోనె మీద పరిచి మళ్లీ ఎండ చూపిస్తోంది. పలకరింపులయ్యాక ఉండబట్టలేక అడిగాను: "ఏటమ్మా, మీ ఇంటికి నెలకెంతొస్తాది?"

ఆమె చెయ్యి ఆపలేదు. "నెలకేటి బాబూ? నెల్లెక్క మాకు నేదు. సంద్రం పెడితే తింతాం, పెట్టకపోతే అప్పు సేస్తాం." ఒక్క క్షణం ఆగి నా చేతిలోని పుస్తకం వైపు చూసి, "అయినా నువ్వేటి, మా కార్డు తీసేత్తావా?" అంది.

ఊళ్లో ఒక మామూలు ఇంటి ఆదాయం ఎంత, పదేళ్ల కిందట ఎంత, ఇరవై ఏళ్ల కిందట ఎంత అని తెలుసుకోవడం ఎందుకంత కష్టమో ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. మొదటిది, ఆదాయానికి నెల అనే కొలత లేకపోవడం. రెండోది, చెబితే ఏం పోతుందోనన్న భయం.

ముందు "మామూలు ఇల్లు" అంటే ఏమిటో చూద్దాం. పదో తరగతి లెక్కల్లో సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడు చదువుకున్నాం. పరీక్ష రాసి మరిచిపోయాం. ఒక వీధిలో తొమ్మిది ఇళ్లున్నాయనుకోండి. ఇది ఉదాహరణకే సుమా. నెలకి 5 వేల ఇల్లు, ఆ తర్వాత 6, 7, 8, 9, 10, 12, 15 వేల ఇళ్లు, చివర్న రెండు బోట్లూ ఐసు వ్యాపారమూ ఉన్న 90 వేల ఇల్లు. మొత్తం కూడితే లక్షా 62 వేలు. తొమ్మిదితో భాగిస్తే సగటు 18 వేలు. ఆ వీధిలో 18 వేలు వచ్చే ఇల్లు ఒక్కటైనా ఉందా? లేదు. తొమ్మిదిలో ఎనిమిది ఇళ్లు సగటుకి కిందే ఉన్నాయి. అదే ఇళ్లని వరసగా నిలబెట్టి నడిమింటి తలుపు తడితే 9 వేలని చెబుతారు. అది మధ్యగతం. ఈ పూట నేను దాన్ని నడిమిల్లు అంటాను.

ఇప్పుడు తుపానొచ్చి ఆ పెద్దాయన బోట్లు రెండూ పోయి, ఆయన రాబడి 18 వేలకి పడిందనుకుందాం. సగటు 18 వేల నుంచి 10 వేలకి జారుతుంది. వీధి వీధంతా సగానికి సగం చితికిపోయిందని పేపర్లో రాయొచ్చు. నడిమింట్లో మాత్రం అదే 9 వేలు. సరే, ఆయన బోట్ల మీద పనిచేసే ఇద్దరు కలాసీల రాబడీ పోతుందిగా అంటారా? అప్పుడు నడిమిల్లూ కదలొచ్చు. కదలాలి కూడా. ఎక్కువమంది బతుకు కదిలితేనే కదలడం దాని గుణం.

దేశం మొత్తం మీద ఇలాంటి లెక్క ఒకటి తీశారు. 2004-05లో భారత మానవాభివృద్ధి సర్వే పేరుతో 41 వేల పైచిలుకు కుటుంబాలని అడిగారు. ఆదాయం ఎంత అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టలేదు. పంట, పశువు, కూలి, జీతం, అద్దె, పంపిన డబ్బు అంటూ ఒక్కో దారినీ విడివిడిగా అడిగి కూడారు. ఏడాదికి సగటు ఆదాయం 47,804 రూపాయలు వచ్చింది. నడిమింటిది 27,857. రెండింటికీ మధ్య అంత ఎడం ఉంది.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. రైతు కుటుంబాల ఆదాయం మీద జాతీయ నమూనా సర్వే మూడుసార్లు లెక్క తీసింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు కుటుంబానికి నెలకి సగటున 2002-03లో 1,634 రూపాయలు, 2012-13లో 5,979, 2018-19లో 10,480. చూడ్డానికి మెట్లెక్కినట్టుంది. కానీ మొదటి అంకె తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్‌ది, తర్వాతి రెండూ విడిపోయిన రాష్ట్రానివి. పోల్చేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పైగా అవి ఆ ఏటి రూపాయలు. నూనె ధర, బియ్యం ధర, ఇంజిన్లో పోసే డీజిల్ ధర తీసేస్తే గానీ అసలు పెరిగిందెంతో తెలీదు.

అసలు గమ్మత్తు ఇది కాదు. ఆ సర్వే నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. పూర్తిగా వ్యవసాయ కూలి మీదే బతికే ఇళ్లనీ, పూర్తిగా సముద్రపు వేట మీదే ఆధారపడ్డ ఇళ్లనీ రైతు కుటుంబాల కింద లెక్కించరు. అంటే డొంకూరు ఒడ్డున వల కుట్టే ఆ నలుగురి ఇళ్లూ ఆ 10,480లో లేవు. రాష్ట్రం పల్లెల ఆదాయం పెరిగిందని వేదిక మీద ఎవరైనా ఆ అంకె చెప్పినప్పుడు, డొంకూరు వాళ్లు చప్పట్లు కొట్టక్కర్లేదు, బాధపడక్కర్లేదు. ఆ అంకెలో వాళ్ల ప్రస్తావనే లేదు.

2011లో చేసిన సామాజిక ఆర్థిక కులగణనలో డొంకూరు లాంటి ఊళ్లనీ అడిగారు. అక్కడ ఇంకో చిక్కు. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదించే మనిషికి నెలకి 5 వేల లోపా, 5 నుంచి 10 వేలా, 10 వేల పైనా? మూడే గళ్లు. దేశంలోని దాదాపు 17 కోట్ల 91 లక్షల గ్రామీణ కుటుంబాల్లో నూటికి 74 పైన మొదటి గడిలోనే పడ్డాయి. మధ్యగతానికి పదో తరగతి సూత్రం ఉంది కదా: నడిమిల్లు ఏ తరగతిలో పడిందో చూసి, దాని దిగువ హద్దుకి కొంత కలపాలి. ఇక్కడ నడిమిల్లు పడింది అట్టడుగు తరగతిలో. దానికి దిగువ హద్దు సున్నా. సున్నాకీ 5 వేలకీ మధ్య ఎక్కడో ఉందని తప్ప ఆ పట్టిక ఇంకేం చెప్పలేదు. ముప్పావు వంతు జనం ఒకే గడిలో కూరుకుపోయేలా గళ్లు గీసిన వాళ్ల తెలివిని ఏమనాలి?

ఇప్పుడు వేటలో డబ్బు ఎలా పుడుతుందో చూడండి. ఉదాహరణకి ఒక ఫైబర్ నావ తెల్లవారక ముందే వెళ్లి వచ్చింది. వేలంలో కానాగడతలూ కవ్వళ్లూ కలిపి 8 వేలు పలికాయి. ఆయిలుకి 2 వేలు తీసేశారు. మిగిలిన 6 వేలని ఎనిమిది వాటాలు చేశారు: మూడు వాటాలు నావకీ, ఇంజినుకీ, వలకీ, ఐదు వాటాలు ఐదుగురు మనుషులకీ. మనిషికి 750 వచ్చింది. మర్నాడు వెళ్తే ఆయిలు ఖర్చే రాలేదు, వాటా లేదు. ఆ మర్నాడు గాలి, అసలు వెళ్లలేదు. ఆ వారంలో అతణ్ని నెలకెంత అని అడిగితే ఏం చెప్పాలి? 750ని 30తో హెచ్చవేయాలా, మూడు రోజుల సగటునా? ఇంటికి తెచ్చుకున్న కూర చేపలకి ధర కట్టాలా? వేలంలో పాడుకున్న చేపల్ని అతని భార్య గంపకెత్తుకుని ఇచ్ఛాపురం సంతలో అమ్మి మిగుల్చుకున్నది వేరే ఆదాయం కదా? సర్వేకి వచ్చినవాళ్లు ఇంటాయన్ని అడిగి రాసుకుపోతారు. ఆమె గంప ఆ కాగితంలోకి ఎక్కదు.

ఇక అడ్వాన్సు సంగతి. మన తీరం నుంచి గుజరాత్ వెరావల్‌కి కలాసీలుగా వెళ్లే కుర్రాళ్లు ఎందరో. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కితే, 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మంది మత్స్యకారులు విడుదలై ఇంటికొచ్చారు. అప్పుడు గానీ మిగతా రాష్ట్రానికి ఈ వలస సంగతి తెలియలేదు. సీజను మొదట్లో బోటు యజమాని ముందే కొంత సొమ్ము ఇస్తాడు. ఇంట్లో చెల్లెలి పెళ్లో, పాత బాకీయో దాంతో తీరుతుంది. ఆ సొమ్ము ఆదాయమా, అప్పా? పని చేసి తీర్చాల్సింది కాబట్టి అప్పు. తిరిగి రూపాయల్లో కట్టక్కర్లేదు కాబట్టి ఆదాయం. పైగా ఆరు నెలలకి మించి ఇంట్లో లేని మనిషిని సర్వేవాళ్లు ఆ ఇంటి మనిషిగా రాయరు. వాడి సంపాదన లెక్కలోంచి పోతుంది, పంపిన డబ్బు మాత్రం లెక్కలోకొస్తుంది.

ఏళ్ల మీద పోల్చడం మొదలుపెడితే చిక్కులు ఇంకా విచిత్రంగా ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. మన జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. తర్వాత చెట్టుకింతని పరిహారం అందింది. పరిహారం అందిన ఏడు ఆ రైతు చేతిలో మామూలు ఏడాదికంటే ఎక్కువ డబ్బు కనబడి ఉండొచ్చు. కానీ చెట్టు పోయింది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆదాయం మాత్రమే చూసే కళ్లకి తుపానేడు మంచి ఏడాది!

ఇంకోటి చెబుతాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బు గురించి మీకు చెప్పక్కర్లేదు. డయాలసిస్ చేయించుకునే వాళ్లకి నెలకి 10 వేలు పింఛను 2019 నుంచి వస్తోంది. రావాల్సిందే, చాలదు కూడా. కానీ లెక్క కట్టేవాడి పుస్తకంలో మాత్రం, కష్టపడే మనిషి మంచాన పడ్డాక ఆ ఇంటి రాబడి పెరిగినట్టు నమోదు కావొచ్చు. ఆదాయం పక్కన ఖర్చుని కూడా రాసుకోకపోతే ఇలాంటి ఘోరాలే జరుగుతాయి.

అన్నదమ్ములు వేరుపడినా అంతే. ఒకే పొయ్యి దగ్గర తినేవాళ్లంతా ఒక కుటుంబమని సర్వే నిర్వచనం. 12 వేల ఇల్లు రెండు పొయ్యిలై 6 వేల ఇళ్లు రెండైతే, ఎవరి సంపాదనా ఒక్క రూపాయి తగ్గకుండానే ఊరి నడిమిల్లు కిందికి దిగుతుంది. మన పల్లెల్లో ముప్పై ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. అందుకే ఇంటి ఆదాయంతో పాటు ఇంట్లో తలలెన్నో కూడా చెప్పని అంకెని నేను నమ్మను.

ఈ గందరగోళంలో రూపాయి పొల్లుపోకుండా చెప్పగలిగిన రాబడి ప్రభుత్వం ఇచ్చేదొక్కటే. ముందు వృద్ధాప్య పింఛను చూడండి. ఒకప్పుడు 200. 2014లో వెయ్యి. 2019 జనవరిలో 2 వేలు. అదే ఏడు 2,250. 2024 జనవరికి 3 వేలు. ఆ ఏడే జులై నుంచి 4 వేలు. మత్స్యకారులకి 50 ఏళ్లకే వస్తుంది. వేట నిషేధ భృతి కూడా అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులకి ఒకప్పుడు 4 వేలిచ్చేవారు, 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు చేసి ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వం తానిచ్చేదెంతో పైసలతో సహా చెప్పగలదు. సముద్రం ఇచ్చేదెంతో చెప్పలేదు.

ఇప్పుడు ఆమె భయం దగ్గరికొద్దాం. మన రాష్ట్రంలో బియ్యం కార్డుకి పల్లెల్లో ఆదాయ పరిమితి నెలకి 10 వేలు. రాష్ట్రంలో కార్డులు కోటీ 40 లక్షలకి పైనే. మరోపక్క కేంద్రం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ఏమంటోంది? ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తలకి నెల ఖర్చు సగటున 5,327 రూపాయలు. నలుగురున్న ఇంటికి 21 వేల పైమాట. నెలకి 10 వేల లోపు సంపాదించే ఇళ్లు ఇన్ని ఉండి, నెలకి 21 వేల సగటు ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది? పెద్ద ఇళ్లు సగటుని పైకి లాగుతాయి కాబట్టి కొంత తేడా అందులో పోయిందనుకుందాం. మిగతాది? జనం అబద్ధాలాడుతున్నారని తేల్చేయడం తేలిక. నేనలా అనను. ఒక్క అంకె తప్పు చెబితే బియ్యం, పింఛను, ఆస్పత్రి కార్డు మూడూ ఊగిసలాడతాయని తెలిసినవాళ్లు జాగ్రత్తగానే చెబుతారు. మీరైనా, నేనైనా అంతే.

ఈ అనుభవం సర్కారుకి కొత్తేం కాదు. 1955లోనూ, 1958-59లోనూ, తర్వాత 1964-65, 1969-70ల్లోనూ జాతీయ నమూనా సర్వేలో ఆదాయం అడిగి చూశారు. ఆదాయం కంటే ఖర్చూ పొదుపూ కలిపిన మొత్తమే ఎక్కువ తేలింది. 1983-84లో ఇంకోసారి ప్రయత్నించి, కుదరదని పక్కన పెట్టేశారు. అందుకే దశాబ్దాలుగా మన దేశంలో పేదరికాన్ని ఖర్చుతోనే కొలుస్తున్నారు. ఎంతొస్తోందని అడిగితే తడబడే ఇల్లాలు, ఉప్పుకెంత, నూనెకెంత, పిల్లాడి ఫీజుకెంత అని అడిగితే వేళ్ల మీద చెబుతుంది.

మరి దీనికి దారే లేదా? ఉంది. మన తెలుగునేల మీదే ఒకసారి బ్రహ్మాండంగా చేసి చూపించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1975లో కొన్ని పల్లెల్ని ఎంచుకుంది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి: ఔరేపల్లి, డోకూరు. పేరు చూడండి, మన డొంకూరుకి అక్కడొక అన్న ఉన్నట్టుంది. ఊరికి 40 ఇళ్లు, పది కూలి ఇళ్లు, ముప్పై రైతు ఇళ్లు. పరిశోధకుడు ఆ ఊళ్లోనే కాపురం పెట్టాడు. మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకి వెళ్లి, ఆ మధ్య కాలంలో వచ్చిందేమిటి, పోయిందేమిటి అని రాసుకున్నాడు. ఔరేపల్లిలో అలా పదేళ్ల పాటు. 2001 నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నెలకెంత అని ఎవరూ అడగలేదు. కిందటిసారి నేనొచ్చాక ఏం జరిగిందని అడిగారు. ఊరివాడైపోయిన మనిషి కార్డు తీసేస్తాడన్న భయం ఎవరికుంటుంది? కరువేడాదీ వానేడాదీ ఒకే ఇంటి కథగా దొరికింది. ఇళ్లు నలభయ్యే కావచ్చు. మూడు గళ్ల కాగితంతో పదిహేడు కోట్ల ఇళ్లు తిరిగినా దొరకని సంగతులు ఆ నలభై ఇళ్లలో దొరికాయి.

అమెరికావాళ్ల తోవ వేరు. వాళ్ల కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. జనాభా 65 వేలకి తక్కువున్న కౌంటీకి ఒక్క ఏడాది సర్వే చాలదని, ఐదేళ్ల సమాధానాలు కలిపి ఒకే అంకె ఇస్తారు. పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా ముద్రిస్తారు. ఏటేటా అంకె కావాలంటే పన్ను రిటర్నులూ, ఆహార సాయం జాబితాలూ జోడించి అంచనా కడతారు. మన ఉద్దానంలో పన్ను రిటర్నుల మీద నడిమింటిని పట్టుకోవాలంటే పలాస జీడి వ్యాపారుల దగ్గరే ఆగిపోతాం. కానీ "ఇది ఇంత, అటూ ఇటూ ఇంత" అని నిజాయితీగా రాసే అలవాటు మాత్రం తెచ్చుకోదగ్గదే.

కేంద్ర గణాంక శాఖ మళ్లీ ధైర్యం చేసింది. దేశమంతా కుటుంబ ఆదాయ సర్వే 2026లో చేపడతామని ప్రకటించి, ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది. 2025లో ముందుగా కొందరిని అడిగి చూస్తే, నూటికి 95 మంది ఇది చెప్పుకోకూడని విషయమన్నారట. నాకేం ఆశ్చర్యం కలగలేదు. డొంకూరు ఒడ్డున ఆమె నాకు ముందే చెప్పింది.

ఆ సర్వేవాళ్లకి నాదొక విన్నపం. మా తీరానికి ఒక్కసారి వచ్చి వెళ్లిపోకండి. ఏప్రిల్, మే నెలల్లో వస్తే నావలు ఒడ్డునే ఉంటాయి, వాటా సున్నా కనబడుతుంది. వేట బాగా పడే రోజుల్లోనే వస్తే ఊరంతా షావుకార్లని రాసుకుపోతారు. రెండుసార్లు రండి. ఇంటాయన్ని అడిగాక గంప ఎత్తే ఆవిణ్ని కూడా అడగండి. పుస్తకం తెరవక ముందే, దీనికీ రేషను కార్డుకీ సంబంధం లేదని నోటితో చెప్పండి. చెప్పిన మాట నిలబెట్టుకోండి.

శ్రోతలారా, మీ గుమ్మంలోకి వాళ్లొచ్చినప్పుడు కాసిన్ని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. నెలకెంత అని అడిగితే తెలీదనే చెప్పండి, అది నిజమే. నిన్న ఎంత, మొన్న ఎంత, కిందటి వారం ఎన్ని రోజులు వేటకెళ్లారు అని అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.